పదకొండు ఇంటూలు

మచిలీపట్నంలో లెక్కల టీచరు సీతారత్నంగారి ఇంటి వరండా. గిలకలదిండి నుంచి వచ్చిన రూతు, చనిపోయిన కూతురి నోటుబుక్కును ఆవిడ ముందు తెరిచి పెట్టింది.

"మరి ఈ రెండు గీతలేంటండీ, టీచరుగారూ?"

"సమానం, రూతమ్మా. అటున్నదీ ఇటున్నదీ ఒకటే అని."

"తక్కెడ సరిగ్గా నిలబడ్డట్టా?"

"అంతే. సరిగ్గా అంతే."

"ఈ మూడు చుక్కలో? పొయ్యిరాళ్ళలా పెట్టింది."

"అది 'కాబట్టి' అని. పైన ఇలా ఉంది కాబట్టి, కింద ఇది తేలింది అని చెప్పడానికి."

"కాబట్టి... మా బ్లెస్సీ చక్కగా పెట్టిందా అండీ?"

"చక్కగా పెట్టింది. మంచినీళ్ళు తాగుతావా? ఎండన పడి వచ్చావు."

"వద్దండీ. నలభై రోజుల ప్రార్థన అయ్యాక దాని సంచీ తీశాను. రొయ్యల షెడ్డుకి పట్టుకెళ్ళే సంచీ. టిఫిన్ బాక్సు కింద ఇది ఉంది. పాస్టరుగారికి చూపిస్తే, ఏవో లెక్కలమ్మా, టీచరుగారినే అడుగు అన్నారు."

"షెడ్డుకి పుస్తకం పట్టుకెళ్ళేదా?"

"నాకూ తెలీదండీ. మూడు నెలలు నా పక్కనే కూర్చుని రొయ్యల తలలు తీసింది. అన్నానికి లేచినప్పుడు మాత్రం గోడ వెనక్కి వెళ్ళేది. ఫోను చూసుకుంటుందేమో అనుకున్నాను. ఫోను కాదు, ఇదన్నమాట. చూడండి, ఇంకా రొయ్యల వాసనే."

"మీ ఇంటికి రాలేకపోయాను, రూతమ్మా. షెడ్డు ఆటో కాలవలో పడి బ్లెస్సీ పోయిందని తెలిసిన రోజే రావలసింది. రావాలనే అనుకున్నాను, కానీ..."

"పర్వాలేదండీ. ఇది చూడండి. కూడికా తీసివేతా ఒకదాని మీద ఒకటి ఎక్కించింది."

"అది రెండూనమ్మా. కలిపితే ఒక జవాబు, తీసేస్తే ఇంకో జవాబు. రెండు జవాబులొచ్చే లెక్క ఇది."

"మరి ఇదో? ఇంత పెద్దది, పేజీ అంతా."

"అది ఇంటూ. గుణకారం."

"గుణకారాన్ని ఎర్ర పెన్నుతో పెడతారా అండీ?"

"ఒక్కోసారి... పిల్లలు..."

"తర్వాతి పేజీలోనూ ఉంది. దాని తర్వాతా ఉంది. పదకొండున్నాయండీ. నాకు చదువు రాకపోయినా పోలికలు తెలుస్తాయి. పదకొండు పేజీల్లోనూ ఒకటే లెక్క. అవునా?"

"ఏదీ, ఇలా ఇవ్వు... అవును. ఒకటే. ఇక్కడ ఒక పద్ధతి, ఇక్కడ ఇంకో పద్ధతి. జవాబు ఐదు, మైనస్ మూడు. ఇక్కడా ఐదు, మైనస్ మూడు. ఇక్కడా..."

"ఏంటండీ?"

"ఏం లేదు. ఏం లేదమ్మా."

"పేజీలన్నీ మళ్ళీ మొదటినుంచీ తిప్పుతున్నారేంటండీ?"

"ప్రతి ఇంటూ పక్కనా చిన్నగా రాసుకుంది. 'మేడం జవాబు: మైనస్ ఐదు, మూడు' అని. నేను బోర్డు మీద వేసిన జవాబు."

"మీ జవాబుతో కలవలేదని తనే కొట్టేసుకుందా?"

"తనే."

"ఆ రోజు క్లాసులో లేచి మిమ్మల్నేదో అడిగిందంట కదండీ."

"అడిగింది. 'ఐదుకి మైనస్ రాదు కదా మేడం' అంది. నేను..."

"మీరు?"

"పరీక్షలు ముంచుకొస్తున్నాయి, పాఠాలు అవ్వలేదు. 'గుర్తులే రానిదానివి, టెన్త్ ఏం గట్టెక్కుతావు, కూర్చో' అన్నాను. పిల్లలంతా నవ్వారు. నేను బోర్డు వంక తిరిగి కూడా చూడలేదు, రూతమ్మా."

"ఇంటికొచ్చి చెప్పింది. గుర్తులు రావంట నాకు అని."

"బడి మానేస్తానని కూడా తనే అందా?"

"అదే అందండీ. అదే అంది. నాకెందుకమ్మా చదువు, నీతో షెడ్డుకొస్తానంది."

"నేను ఇంటికొచ్చి పిలిస్తే వచ్చేది. ఒక్కసారైనా వచ్చి పిలవలేదు."

"అయిపోయిందిగా అండీ. ఇంకెందుకు."

"కాదు, నువ్వు వినాలి. ఆ రోజు గుర్తులు తారుమారు చేసింది నేను. నీ కూతురు కాదు. ఈ పదకొండూ..."

"ఆగండి."

"ఈ పదకొండు లెక్కలూ..."

"ఆగండి టీచరుగారూ, ఆ మాట అనొద్దు! తప్పనే అనండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, తప్పనే అనండి. ఒక్కసారి బడికెళ్ళి మేడాన్ని మళ్ళీ అడిగొస్తానమ్మా అని అది ఏడుస్తుంటే, టీచరే రాదన్నాక నీకింకేం వస్తుందే అని, చెయ్యి పట్టి ఈడ్చి, కాలవలో పడ్డ ఆ ఆటో ఎక్కించింది నేనండీ."