కొండ మలుపు దగ్గర

కామోగ్లి రేవు నుంచి బయల్దేరిన స్పీడ్ బోటులో ఇద్దరే ఉన్నారు: నడిపే సరంగు, రోజంతటికీ బోటు మాట్లాడుకున్న డెబ్బై ఏళ్ల ఆవిడ. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ మలుపు దగ్గర ఆవిడ ఇంజను ఆపమంది.

"ఇక్కడ ఈత బాగుండదమ్మా."

"ఈతకి కాదు బాబూ. నాకు పందొమ్మిదేళ్లప్పుడు ఇక్కడే బోటు నడిపాను. వెనక్కి తిరిగి స్నేహితులతో నవ్వుతున్నాను. ఏదో తగిలింది. చూస్తే తెడ్ల పడవ, రెండు ముక్కలు. నీళ్లలో ఎవరిదో చెయ్యి."

"ఆగారా?"

"లేదు."

"ఆ పడవది పచ్చ రంగు."

"నేను రంగు చెప్పలేదే."

"అది మా నాన్నదమ్మా."

"దేవుడా. మీ నాన్నని చంపింది నేనా?"

"చావలేదు. మోకాలి కింద కాలు పోయింది. పొద్దున రేవులో మిమ్మల్ని చెయ్యి పట్టుకుని బోటెక్కించింది ఆయనే."

ఆవిడ తన చేతిని చూసుకుంది. సరంగు ఇంజను వేసి బోటు తిప్పాడు.

"బోటెందుకు వెనక్కి తిప్పుతున్నావు?"

"ఆయన దగ్గరికి. కాలు పోయినందుకు ఎప్పుడూ ఏడవలేదు. వాళ్లెందుకు ఆగలేదురా అని మాత్రం ఇప్పటికీ అడుగుతుంటాడు."

"ఏమని చెప్పను బాబూ? భయమేసింది. అంతే."

"అదే చెప్పండి."