బొరియ మూతి

మేడ మీది గదిలోకి పొగమందు వదిలి ముప్పావు గంటయింది. మూసిన తలుపు ముందు, మెట్ల మీద, ఎలుకల మందు వేసే ముసలాయనా ఆ గదిలో ఉండే పెద్దాయన చెల్లెలూ కూర్చున్నారు.

"ఇంకా ఎంతసేపు, పెద్దయ్యా?"

"పావుగంట. తొందరపడితే ఆ పొగ మనల్నీ వదలదమ్మా."

"సాయంత్రం ఇంటాయన వస్తాడు. ఎలుకలు పోయి గది ఖాళీ కాకపోతే ఇల్లే ఖాళీ చెయ్యమన్నాడు."

"ఇంతకీ లోపల ఏముందమ్మా? కిటికీలోంచి గొట్టం దూర్చడానికే చోటు లేదు."

"ఏం లేదో అడుగు. ఇరవై ఏళ్ళ పేపర్లు, విరిగిన గొడుగులు, మూతల్లేని సీసాలు, సీసాల్లేని మూతలు. ఒక్కటి పారెయ్యనివ్వడు. వీధంతా పందికొక్కనే పిలుస్తారు. పొద్దున నేనూ అనేశాను, మొహం మీదే."

"ఏమన్నారు?"

"ఏమంటాడు? సంచి పట్టుకుని మెట్లు దిగాడు. అక్కయ్య దగ్గర రెండ్రోజులుండి రమ్మన్నాను."

"బస్సెక్కారా?"

"ఎక్కే ఉంటాడు. నీకోసం పరుగెత్తానా, ఎక్కడ చూస్తాను?"

"ఊఁ."

"ఊఁ ఏంటి?"

"ఏం లేదు. ముందోసారి తలుపు తీసి చూద్దామన్నాను."

"తీస్తే ఆ గుట్టంతా మీద పడుతుంది, ఎత్తేదెవరు? ఇందాక ఏదో దబ్బున పడింది, విన్నావా?"

"చచ్చేముందు కొట్టుకుంటాయి."

"అంత చప్పుడా?"

"పెద్దవై ఉంటాయి. ఇప్పుడు సద్దు లేదుగా."

"అయినా పందికొక్కంటే తిండిపోతుని అనాల్సిన మాట, దాచుకునేవాణ్ణి ఎందుకంటారో."

"నన్నడగండి. చిన్నప్పుడు కోతలయ్యాక మా నాన్నా నేనూ పొలం గట్లు తవ్వేవాళ్ళం. పందికొక్కు బొరియలో గదులుంటాయి, నిండా వరి వెన్నులే. అది ఏడాదంతా తిన్నా తరగవు. అవి దంచుకునే మేం బతికాం."

"ఛీ."

"అప్పుడు ఛీ అనుకోలేదమ్మా. ఆ బొరియకి వెనక ఇంకో దారుంటుంది, పారిపోవచ్చు. పోదు. మనం తవ్వుతున్నామని తెలిసి, లోపల్నుంచి మట్టి ఎగదోసి బొరియ మూతి మూసుకుని, ఆ గింజల మీదే కూర్చుంటుంది. తిన్నందుకు కాదు, వదిలి పోలేనందుకు ఆ మాట పుట్టిందనేవాడు మా నాన్న."

"పాపం."

"పాపమే. సరే, టైమైంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోండి. తలుపు కింద గుడ్డ భలే కుక్కారు, లాగితే రావడం లేదు."

"నేనెక్కడ కుక్కాను? నువ్వే కదా."

"నేను కిటికీలు చూశాను. తలుపు మీకు చెప్పాను."

"చెప్పావు. వచ్చి చూస్తే అప్పటికే కుక్కి ఉంది. నువ్వే అనుకుని..."

"ఉండండి, వస్తోంది. ఇదిగో. ఏంటమ్మా, అలా చూస్తారు?"

"ఇది పొద్దున అన్నయ్య తొడుక్కెళ్ళిన చొక్కా."