పీర్ సాహెబ్ గెలిచిన మసాలా కేసు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి నెల దాటింది. సల్వాలో మమ్మల్ని వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమాని, మా కఫీల్, ఇల్లూ వాకిలీ వదిలేసి కుటుంబంతో సౌదీకి పోయాడు. మిగిలింది మేం ముగ్గురం: తోటపని చేసే నేను, వంట చేసే ఖైరున్‌బీ, డ్రైవర్ పీర్ సాహెబ్. మరుసటి రోజు పొద్దున జోర్డాన్ పోయే బస్సెక్కాలి. సాయంత్రం వంటింట్లో టీ తాగుతున్నాం.

"రాయచోటికి పోయి నా మటన్ మసాలా పొట్లాలు కట్టి అమ్ముకుంటా. బిడ్డల్ని సాకేదానికి ఇంగేముంది నాకు" అంది ఖైరున్‌బీ, దినుసులు వేయిస్తూ.

పీర్ సాహెబ్ గ్లాసు కింద పెట్టాడు. "అమ్ముకోమ్మా. కానీ నా పర్మిషన్ కావల్ల. ఆ మసాలా నాదని కోర్టే జెప్పింది."

"ఏ కోర్టు సాయబన్నా?" అన్నాను.

"కువైట్ కోర్టే. నేను చేసిన మసాలా ఏదో తెలిసినోళ్లకు నాలుగు పొట్లాలు ఇచ్చినా, అంతే. పొట్లం మీద నా మీసాల బొమ్మ. హవల్లీలో ఒక షాపోడు అదే మసాలా, అదే మీసం పెట్టి అమ్మబట్టె. ఊరుకుంటానా? కేసేసినా. వకీలు ఏమన్నాడో తెలుసా? కింది కోర్టుకు రెండేండ్లు, అప్పీలుకు ఇంగో రెండేండ్లు, పై కోర్టు అల్లా దయ అనె. ఈ లెక్కన తీర్పు వినేదానికి నా మనవడు రావల్ల. పో, నేనే వాదించుకుంటా అంటి. వాయిదా ఆగస్టు రెండు పడె."

"ఇరాకోళ్లు దిగింది ఆ పొద్దే కదా?"

"ఆడికే వస్తాండా. బయట ట్యాంకులు, లోపల వకీళ్లంతా బల్లల కింద. జడ్జి లేసి, దేశమే పాయె, ఇంగ నీ కేసు యాడిది అనె. దేశం మారినా వాయిదా మారదు, కూచో సామీ అంటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాక్ష్యానికి తెచ్చిన పొట్లం విప్పితి. వాసన రోడ్డెక్కె. ముందు ట్యాంకు ఆగె, దాని ఎనక ఉండేవన్నీ ఆగె. పెద్ద ఆఫీసరు తుపాకి వాకిట్లో పెట్టి వచ్చి, ఇది ఎవరి మసాలా అనె. అదే తేలల్ల, నువ్వూ కూచో అంటి. కూచునె."

ఖైరున్‌బీ గరిటె ఆపింది. "తేలిందా?"

"తేల్చినా. ఇద్దరం ఈడనే దంచుతాం, చేసినోడిదే సొత్తు అంటి. షాపోడు చేతులెత్తేసె. తీర్పేందంటే, ఒకరి సరుకుకు తన పేరు పెట్టుకున్నోడు, సొంతదారుకు బతికినన్నాళ్లూ మసాలా దంచి పెట్టల్ల. పొద్దున కింది కోర్టు, మధ్యాన్నం అప్పీలు, అసర్ నమాజుకు పై కోర్టు, ఖలాస్. తప్పు వాడొక్కడిదేనా? బొమ్మ అచ్చేసినోడిది, తిన్నోడిది, వాసన పీల్చినోడిది కూడా. అట్ల ఇరాక్ సైన్యమంతా ముద్దాయిలైరి. ఆఫీసరు నా కాళ్లు పట్టుకుని, ఇప్పుడే ఎనక్కి పోతాం, వదిలెయ్ అని ఏడిసె. నాకు జాలేసి, వచ్చినోళ్లు వచ్చినారు, నాలుగు దినాలు ఉండిపోండి అంటి."

"అయితే మన కొంప ముంచింది నువ్వేనా సాయబన్నా" అన్నాను.

ఖైరున్‌బీ మాత్రం నవ్వలేదు. ఊరు చేరాక అక్కడా ఇతను ఇవే కోతలు కోస్తే, ఆమె పొట్లాలు ఎవరు కొంటారు? వేయించిన దినుసుల పళ్లెం, ఇత్తడి రోలు తెచ్చి అతని ముందు పెట్టింది.

"తీర్పు బాగుంది భాయ్. చేసినోళ్లదే సొత్తు. దంచు."

పీర్ సాహెబ్ చొక్కా చేతులు మడిచాడు. తినడానికి తప్ప వంటింట్లో అడుగుపెట్టని మనిషి. పళ్లెంలో నల్లగా ఎండిన నిమ్మకాయలు కనబడగానే ఒక్కొక్కటే ఏరి పక్కకి విసిరేశాడు.

"ఏందమ్మా, కుళ్లినవి కలిపినావు? రుచంతా పోదా?"

నాకు నవ్వాగలేదు. తోటపని వాణ్ణి, నాక్కూడా తెలుసు. ఆ ఎండు నిమ్మకాయలు వాడడం ఖైరున్‌బీ ఈ ఇంటి మామా, అంటే కఫీల్ భార్య, దగ్గర నేర్చుకుంది. మన ఊరి మసాలాలో అవి పడ్డాకే ఇన్నాళ్లూ మేం వేళ్లు నాక్కుంటూ తిన్నాం.

ఖైరున్‌బీ వాటిని ఏరుకొచ్చి, తుడిచి, పగలగొట్టి రోట్లో వేసింది. రోకలి అతని చేతిలో పెట్టింది.

"బతికినన్నాళ్లూ వద్దులే భాయ్. బస్సొచ్చేదాకా దంచు."