మిత్తి లేని అప్పుకు సాక్ష్యం

ఫోన్ ఎత్తలేదని కోపానికి రాకున్రి సార్. మీ నంబర్ జూసే ఎత్తలె. ఎత్తితే ఏమనేదాన్నో నాకే తెల్వదు. మీరు చర్చి సంఘంల పెద్దమనిషి, సంజీవరావు సార్ అంటే నాచారంల అందరు లేచి నిలబడతరు. నా నోటికెళ్లి ఒక మాట జారితే రేపు నన్నే అంటరు.

లోపటికి రాన్రి. ఆ కుర్చీల కూసోన్రి. గ్రైండర్ సప్పుడు లేదేందని సూస్తున్నరా? సోమారం సంది పిండి రుబ్బలె. ఇడ్లి పిండి కోసం వచ్చెటోళ్లు తలుపు కొట్టి కొట్టి పోతున్నరు. నాకు పాణం ఒప్పుతలేదు.

మీరు దేనికి వచ్చిన్రో తెలుసు. నిన్న మీ ఇంటి మేడంను పంపిన్రు గద, రత్నకుమారి మేడం గీ కుర్చీలనే కూసొని అంత జెప్పింది. గిప్పుడు మీకు జవాబు గావాలె. జెప్త. కని ముందుగాల నేను జెప్పేది ఇనాలె. గడియారం జూడకున్రి సార్.

మీ సంఘం నిధిల నేను అప్పు తీసుకున్న, నిజమే. మిత్తి లేదంటే, వడ్డి కట్టే పనే లేదంటే ఎవలు తీసుకోరు? గ్రైండర్ కొన్న. పిండి రుబ్బిన, ప్యాకెట్లు కట్టిన, చిల్కానగర్ దాక నడిచి అమ్మిన. బందులున్న దినాలు గూడ, మెట్రో పిల్లర్లకు రోడ్డంత తవ్విపెట్టిన దినాలు గూడ. ఒక్క కిస్తు ఆపిన్నా? మీరే అన్నరు గద, విక్టోరియా లెక్క అందరు కడితే నాకు బీపీ గోలి అవుసరం లేకుండె అని.

అప్పు తీరినోళ్లు స్టేజి మీదికొచ్చి సాక్ష్యం జెప్పాలె, అది మీ కాయిదా. సరే అన్న. సాక్ష్యం జెప్పుడు మాకు కొత్తనా? జరం తగ్గితే జెప్తం, పరీక్ష పాసైతే జెప్తం. ఐతారం సభకు పట్టుచీర కట్టుకొని వచ్చిన. బెంగళూరు నుంచి నిధికి పైసలిచ్చే దాతలొచ్చిన్రు, వాళ్లతోని తెల్ల దొరసాని ఒకామె వచ్చింది. ముఖ్య అతిథి ఎవలు? మా ఆయన బస్సు నడిపే బడి కరస్పాండెంట్, రామ్మోహనరావు సార్. నేనింక మురిసిన. మా ఆయన ఆరోన్ వాళ్ల సార్ ముంగట నేను మాట్లాడుతున్న అని.

నేనేం జెప్పిన? నాలుగు ముక్కలు. మా ఆయన స్కూలు బస్సు నడుపుతడు, నేను పిండి అమ్ముత, సంఘం అప్పుతోని గ్రైండర్ కొన్న, దేవుని దయతోని కట్టేసిన. గంతే గద? మీరు మైక్ తీసుకొని ఇంగ్లీషుల తిప్పి జెప్పబడితిరి. జెప్తనే ఉన్నరు, జెప్తనే ఉన్నరు. ఇంగ్లీషుల మాటలు ఎక్కువ పడతయేమో అనుకున్న నేను. నవ్వకున్రి సార్. నాకేమెరుక?

ఆ దొరసాని కండ్లు తుడుసుకుంది. గ్రైండర్ కొన్నదానికి ఏడుస్తదేంది ఈమె అనుకున్న. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను నవ్వుకుంట చేతులు జోడించిన. కిస్తులు ఆపకుండ కట్టిన గద, దానికే కొడుతున్నరనుకున్న. ఆ నవ్వు తలుసుకుంటే ఇప్పుడు నా ముఖం మీద నేనే ఉమ్ముకోవాలనిపిస్తది.

తెల్లారి మా ఆయన డ్యూటీకి పోయిండు. బస్సు తుడిసి, పువ్వు పెట్టి, పిల్లలను తెచ్చెతందుకు ఎక్కబోతుంటే ఆఫీసుల నుంచి పిలుపొచ్చిందట. కరస్పాండెంట్ సార్ తాళంచెవి టేబుల్ మీద పెట్టమన్నడు. తాగి పెండ్లాన్ని కొట్టెటోని చేతికి చిన్నపిల్లల బస్సు ఇయ్యనన్నడు. ఎవలు సార్ తాగెటోడు అని అడిగిండట మా ఆయన. నీ భార్యనే స్టేజి మీద ఏడ్సుకుంట జెప్పింది గద అన్నడట.

నేను ఏడ్సిన్నా సార్? ఉక్కపోతకు చెమట తుడుసుకున్న. నేను మాట్లాడేటప్పుడు ఆ సారు దాతలతోని ముచ్చట్ల ఉండె, మీ ఇంగ్లీషే ఇన్నడు.

వెనక ఇంటి రెబెక్కా డిగ్రీ సదువుతది, కోయిర్ల పాడుతది. ఆ పొల్లను కూసోబెట్టి అడిగిన. మొదలు జెప్పలె. వొట్టు పెట్టిస్తే జెప్పింది. ఈమె భర్త సంపాదించిందంత తాగేటోడు, ఈమెను కొట్టేటోడు, పిల్లలు ఉపాసం పండేటోళ్లు, సంఘం అప్పుతోని ఈ ఇల్లు నిలబడ్డదని మీరు జెప్పిన్రంట. ఎవలి ఇల్లు సార్ అది? మా ఇల్లయితే గాదు.

మా ఆయన క్రిస్మస్ కు ద్రాక్షరసం గూడ వాసన జూసి తాగుతడు. పెండ్లిళ్లల్ల మా అన్నలు మస్తు బలవంతం జేసేది, థమ్సప్ గ్లాసు పట్టుకొని మూలకు కూసునేటోడు. గట్లాంటి మనిషి ఇంటికొచ్చి నన్నొకటే అడిగిండు, నువ్వు జెప్పినవా అని. లేదన్న. దేవుని తోడు లేదన్న. సభకు పోయినోళ్లు జెప్పిన్రట, మరి నవ్వుకుంట దండమెందుకు పెట్టినవన్నడు. నేనేం జెప్పాలె? ఇంగ్లీషు రాదు, చప్పట్లు కొడితే పెట్టిన అన్న. అన్నం ముట్టకుండ నారపల్లిల వాళ్లక్క ఇంటికి పోయిండు.

ఏమన్నరు? నలుగురి మంచి కోసమా?

సోమారం నేను బడికి రమ్మని ఫోన్ జేసినప్పుడు గూడ అదే మాట అన్నరు. ఉన్నదున్నట్టు జెప్తే దాతలకు మనసు కరగదు, వాళ్లు పైసలియ్యకపోతే రేపు కొమురెల్లి కూరగాయల బండికి అప్పు ఎక్కడికెళ్లి తేవాలె అన్నరు. తేకున్రి సార్. నాకేం పని? కొమురెల్లి బండి కోసం నా మొగడు తాగుబోతు గావాల్నా? మీ ఇంట్లనే ఒకల్ని తాగుబోతును జేసి జెప్పుకోకపోతిరి. ఉప్పల్ ల డైలీ ఫైనాన్సోడు మిత్తి గుంజుతడు, ఇంటి ముంగట నిలబడి వొర్రుతడు. కని నా మొగన్ని తాగుబోతు అనడు.

బడికి నేనే పోయిన, మీరు రాలేదు గనక. కరస్పాండెంట్ సార్ కాళ్ల కాడ కూసొని, అది అబద్ధం సార్, ఆయన ముట్టడు అన్న. ఆ సారు మంచిగనే మాట్లాడిండు. చూడమ్మా, ఆడవాళ్లు అట్లాగే వెనకేసుకొస్తారు, నీ బాధ నాకు అర్థమవుతుంది అన్నడు. నిజం జెప్తే గూడ నా బాధనే అయిపాయె. సంజీవరావుగారు అబద్ధం ఎందుకు చెప్తారమ్మా అన్నడు. దానికి జవాబు మీ కాడ ఉందా?

నౌకరి పోతే పోనీ, ఇంకో బడి సూసుకుంటం అనుకున్న. హబ్సిగూడ బడిల, మల్కాజిగిరి బడిల ఇంతకుముందు యాడ జేసినవని అడిగిన్రు, పాత బడోళ్లకు ఫోన్ కలిపిన్రు. ఇంక మాట్లాడనే లేదు. డ్రైవర్ కొలువు కాబట్టే మా పిల్లలిద్దరికి ఆ బడిల ఫీజు మాఫీ. వచ్చే నెల సంది కట్టాలంటున్నరు. అన్ని దిక్కుల తలుపులు మూసినంక మేడంను పంపిన్రు మీరు.

ఏమని పంపిన్రు? దాతలు ఇంకొక్కసారి వస్తున్నరు, ఆరోన్ ను స్టేజి మీదికి తీసుకరా, తాగుడు మానేసిన్నని సాక్ష్యం జెప్పమను, కరస్పాండెంట్ గారితోని మాట్లాడినం, మారిన మనిషికి తాళంచెవి ఇస్తడు అని. ఎన్నడు తాగనోనికి ఇయ్యడట. మానేసినోనికి ఇస్తడట. మేడం ఆ మాట జెప్తుంటే నేను చాట చేతుల పట్టుకొని ఉన్న. ఇసిరికొడుదుననుకున్న. పెద్దామె గదా అని ఊకున్న.

మిమ్మల్ని గూడ ఏమనలేను సార్. గదే నా కడుపుమంట. ఏమన్న అంటే ఉన్న ఒక్క తొవ్వ గూడ మూసుకపోతది.

పొద్దుగాల నారపల్లికి పోయిన. వాళ్లక్క ఇంటి పక్కన ప్లాట్లు గీసి రాళ్లు పాతిన్రు, ఆ రాళ్ల మీద కూసున్నం. మేడం జెప్పిందంత జెప్పిన. పిల్లల ఫీజు సంగతి జెప్పిన. గప్పుడు నా దిక్కు జూడకుండ అడిగిండు, ఏం తాగెటోన్నని జెప్పాలె అని. ఆయనకు సీసాల పేర్లు గూడ రావు సార్. మా చిన్నన్న తాగేటిది ఒకటి నేనే జెప్పిన. దాన్ని నోట్ల అనుకుంట కూసున్నడు, మర్సిపోతననే భయం.

వస్తడు సార్. పెండ్లినాటి అంగి ఏసుకొని వస్తడు. తాగిన అంటడు, మానేసిన అంటడు. మీరు ఇంగ్లీషుల తిప్పి జెప్పుకోన్రి, ఈసారి నేను నవ్వను గని దండం పెడత.

కని కొట్టిన అనే మాట మాత్రం ఆయనకు నోట్లకెళ్లి వస్తలేదు. నాలుగైదుసార్లు అనబోయిండు. నా చెయ్యి పట్టుకొని, వశపడతలేదు విక్టోరియా, అది ఒక్కటి తీసేస్తరేమో సార్ ను అడుగు అన్నడు.

తీసెయ్యిన్రి సార్. తాగుడు ఉంచుకోన్రి.