సగం విన్న మాట

1938. అరవనాట తెలుగువారు కాపురమున్న రాజపాళయంలో ఒక బడి. హెడ్‌మాస్టరు గదిలో, కూర్చోమన్నా కూర్చోకుండా ఒక తల్లి నిలబడి ఉంది.

“మీ సుందరవల్లిని డిస్మిస్ చేసినాము, అమ్మా. ఇంక ఈ బడికి రాకూడదు.”

“ఏమి తప్పు చేసినది, సార్?”

“బడి చెప్పే కొత్త వాత్తియారిని అరవంలో ‘నాయి’ అన్నదంట. కుక్క అని తిట్టితే ఊరుకుంటామా?”

“ఆయనది ఏ ఊరు?”

“తంజావూరు. అరవాయన, తెలుగు రాదు. వచ్చి వారమే అయినది.”

“అదీ సంగతి! ఆయన బెత్తంతో కొట్టినాడు. నొప్పికి నా బిడ్డ ‘నాయనా’ అని అరిచినది. మీరూ తెలుగువారే కదా. దెబ్బ తగిలితే మీ ఇంట్లో ఏమని అరుస్తారు?”

“నాయనా అనే, అమ్మా.”

“ఆయన సగం మాటే విన్నాడు.”

“సరే, మన్నించమని ఒక కాగితం రాసియ్యి. చేర్చుకుంటాను.”

“నేను రాయను. మీరే రాయండి. ‘నాయనా అన్నందుకు బిడ్డను తరిమినాము’ అని రాసి సంతకం పెట్టండి. పక్కన సేత్తూరు దాకా ప్రతి గడపలోనూ చదివిస్తాను.”

“వద్దు, అమ్మా. రేపు పంపించు.”

“రేపెందుకు, సార్? పలకతో వాకిట్లోనే ఉన్నది. మిగిలిన సగం మాట ఆ వాత్తియారికి నా బిడ్డే నేర్పిస్తుంది.”