నీళ్ళలోకి

ఉక్కు ప్లాంటున్న హిందీ ఊరు భిలాయ్‌లో కోహ్కా బస్తీ. సూర్యారావు వెల్డింగ్ షెడ్డు. పట్టపగలే షట్టర్ దించేసి ఉంది.

"జేబులోకి ఫోన్ తియ్."

"ఏటి బాబూ?"

"సునాయీ నహీ దేతా? జేబులోకి ఫోన్ తియ్ అన్నాను."

"జేబులోకి... తియ్యాలా బాబూ, పెట్టాలా? ఫోను జేబులోనే ఉన్నాది. ఇదుగో, ఇంకా లోపలికే పెట్టీసినాను..."

"సాలా! దాస్తావ్? నా ముందే దాస్తావ్?"

"అమ్మో! మోకాలు, మోకాలు బాబూ! ఇనపూచతోటి కొట్టకండి! మీరు సెప్పినట్టే సేసినాను కదా!"

"ఇలా తే దాన్ని. పోలీస్‌కి లేదు, మీ షావుకార్‌కి లేదు, ఎవడికీ ఫోన్ లేదు నీకు. మళ్ళా చెప్పు. నామ్?"

"అప్పలకొండ. వచ్చీరాగానే సెప్పినాను."

"ఏం చేస్తావ్?"

"షావుకారి ట్రాలరుకి సరంగుని. బోటు నడిపేవోణ్ణి. ఆ రోజు మీ అక్కగోరు నా బోటు మీదే సముద్రంలోకెల్లినారు..."

"దీదీ మాట నీ నోట్లో రావొద్దు! రావొద్దు!"

"రాదు బాబూ. రాదు. కొట్టకండి."

"చెయ్యి పెట్టు. కుడి చెయ్యి. ఈ వైస్ దవడల మధ్య."

"ఒద్దు బాబూ. ఈ చేత్తోనే చుక్కాని పట్టుకుంటాను."

"చెయ్యి పెడతావా, తల పెట్టించాలా?"

"బాబూ, మీకో దండం... అబ్బా! బిగించకండి! అబ్బా!"

"ఒరే సుభాష్! షట్టర్ తియ్యరా! ఏట్రా ఆ అరుపులు? రోడ్డు మీదకి వినబడతన్నాయి!"

"మావయ్యా, నువ్వొక్కడివేనా?"

"నా షెడ్డుకి నేను రావడానికి నీ పర్మిషనేట్రా? తియ్!"

"వంగి రా. పూర్తిగా ఎత్తను."

"ఓరి నాయనో! ఎవుడ్రా ఇతను? ఈ రక్తమేటి? వైస్‌లో మనిషి చెయ్యి పెట్టినావేట్రా! మతి పోయిందా నీకు? విప్పు, ముందు విప్పు!"

"ముందు నామ్ పూఛో మావయ్యా. ఆ తరవాత విప్పుతావో బిగిస్తావో నీ ఇష్టం."

"ఎవరయ్యా నువ్వు?"

"అప్పలకొండని బాబూ."

"ఏ అప్పలకొండ?"

"ఎంతమంది అప్పలకొండలున్నారు మావయ్యా మనకి? దీదీ చెప్పిన అప్పలకొండ."

"వీడా? వీడేనా? ఎలా దొరికాడ్రా నీకు?"

"దొరకడమేటి, తనే నడిచొచ్చాడు. క్యాంప్ ఒకటి బస్తీలో వాళ్ళ చుట్టాలున్నారంట, వాళ్ళని అడ్రస్ అడిగి, సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. 'సూర్యారావుగారి తాబేలు జాలీల షెడ్డు ఇదేనా బాబూ' అంటాడు. హిమ్మత్ చూడు! దీదీ ప్రాణం మీదికి తెచ్చి, మన గుమ్మంలో అడ్రస్ అడుగుతాడు! ఆ సంచీలోకి తీసి చూడు ఏముందో."

"ఇది... ఇది నా జాలీయే కదరా. నా వెల్డింగే. ఊచలన్నీ వంకర పోయినాయి. ఎవడు విరగ్గొట్టినాడు?"

"ఎవడేటి? వీడే! విరగ్గొట్టి, తెచ్చి మనకే చూపిస్తున్నాడు!"

"నాను కాదు బాబూ! షావుకారి మనుసులు, సమ్మెటలతోటి... పెద్దబాబూ, మీకు మన తెలుగు బాగా తెలుసును, మీరు ఇనండి. ఈ బాబుకి నాను సెప్పేది సగం ఎక్కట్లేదు."

"చుప్! ఇంకో చుట్టు."

"అబ్బా! పెద్దబాబూ!"

"ఆగరా సుభాష్. ఆగు. పోలీసులకి అప్పజెప్పుదాం."

"ఏ పోలీసులు? అక్కడ షావుకారి మీద కేసు కట్టేవాడెవడు? అమ్మా నాన్నా విశాఖలో ఆస్పత్రి బయట బెంచీ మీద కూర్చున్నారు. ఒక్కడైనా వచ్చి అడిగాడా, అమ్మాయిని ఎవరు కొట్టారని? నేను సాయంత్రం బండికి పోయేది దీనికే మావయ్యా. వీణ్ణి వెతకడానికే. భగవాన్ ఇక్కడికే పంపించాడు."

"చెప్పనీ ఒక్క నిమిషం. ఏమయ్యా, మా పిల్ల నీకేం ద్రోహం చేసింది? చిన్నప్పుడు దానికి మొదటిసారి సముద్రం నేనే చూపించాను. ఒడ్డున చచ్చిన తాబేలు కళ్ళలో ఇసక చూసి, తన గౌను అంచుతో తుడిచింది. అప్పట్నుంచీ అదే పిచ్చి. అదే చదువు. మీ పేటలో గుడిసెలో ఉండి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన తాబేలు శవాల్ని, ఆ కంపులో, ముక్కు మూసుకోకుండా కోసి చూసేది. రొయ్యల వలల్లో పడి ఊపిరాడక చస్తన్నాయి మావయ్యా, వల్లో పెట్టడానికి ఇనప జాలీ చేసియ్యి అంది. నేనూ, ప్లాంటులో రిటైరైన నా నేస్తాలూ ఈ రేకుల కింద చెమటలు కక్కుతూ చేసాం. మాకిక్కడ సముద్రమేదయ్యా? మీ సముద్రం కోసం చేసాం!"

"ఎరుక బాబూ. మొదట్లో మేం నవ్వినాం. వల్లో ఇనుం పెడితే రొయ్యలు పోతాయని తిట్టినాం కూడాను. అక్కగోరు మా ఆడోల్లని కూకోబెట్టి సెప్పినారు. రొయ్య ఊచల సందుల్లోంచి వల్లోకి పోతాది, తాబేలు జాలీకి తగిలి, పైన కంతలోంచి బైటికి పోతాది అని. నాను నమ్మినాను. షావుకారికి సెప్పకుండా నా బోటు వలకి కట్టనిచ్చినాను."

"నమ్మినవాడివి మరి దాన్నెందుకు..."

"నాను కాదంతన్నాను! ఆ రోజు వల ఎత్తితే రొయ్యలున్నాయి, తాబేలు లేదు. అక్కగోరు చిన్నపిల్లలాగ గంతులేసినారు. అప్పుడే షావుకారి ఇంకో బోటు అడ్డొచ్చినాది. మిగతా సరంగులూ ఇది నేర్చుకుంటే రొయ్యల రాబడి తగ్గుతాదని ఆలకి కడుపుమంట. గుంపుగా మా బోటెక్కీసినారు. సమ్మెటలెత్తి జాలీ మీద కొట్టినారు. అక్కగోరు జాలీకి అడ్డం పడుకుండిపోయినారు. ఆలు సమ్మెట ఆపలేదు బాబూ. ఆమె తల మీద..."

"చాలు. చాలు!"

"వలతోపాటు నీళ్ళలోకి తోసీసినారు. కాళ్ళకి వల సుట్టీసినాది. తాబేలు ఎలాగ ములుగుతాదో అలాగే ములిగిపోతాంది. నాను దూకినాను. కత్తితోటి షావుకారి వల కోసీసి, నీళ్ళలోంచి పైకి లాగినాను. కూర్మనాదుడి మీద ఒట్టు."

"ఝూట్! మావయ్యా, ఒక్కొక్క మాటా ఝూట్! బచాయించినవాడివి ఎందుకు పారిపోయావ్? ఆస్పత్రికి ఎందుకు రాలేదు? బోల్!"

"షావుకారి వల కోసీసినాను కదా బాబూ. నన్నూ నరికీసీవోరు. ఆడోల్లు ఆమెని మోసుకెల్లినారు, నాను సరుగుడు తోటలో దాక్కున్నాను."

"సుభాష్, ఆ మెసేజ్ పెట్టు. పిల్ల అంబులెన్స్‌లో మాటాడింది."

"వద్దు మావయ్యా. అది విని నువ్వు అన్నం మానేశావు."

"పెట్టమన్నాను. వీడు కూడా వినాలి."

"విను సాలా. చెవులు తెరిచి విను."

'మావయ్యా... తల... తల తిరుగుతోంది... జాలీ తోడ్ దియా... జాలీ విరిగిపోయింది... అప్పలకొండ... అప్పలకొండ నన్ను నీళ్ళలోకి లాగాడు... నీళ్ళలోకి...'

"అంతే. ఆ తరవాత ఆపరేషన్. ఇప్పటిదాకా ఐసీయూలో కళ్ళు తెరిచిన కబురు లేదు."

"విన్నావా అప్పలకొండా? నీళ్ళలోకి. లోంచి కాదు, లోకి. చావుబతుకుల్లో ఉన్న పిల్ల అబద్ధమాడతాదా?"

"అదెలాగ బాబూ... అక్కగోరు అలాగెందుకంటారు? నాకు తెలవట్లేదు. ఇంకోపాలి ఇనిపించండి."

"ఇంకోసారా? నా మేనకోడలు మూలుగుతుంటే నీకు ఇంకోసారి వినాలా?"

"పెద్దబాబూ, తప్పు సేసినోణ్ణయితే నా కాల్లతో నాను మీ గుమ్మంలోకొస్తానా? ఆ పిల్ల రగతం మా బోటు మీద పడ్డాది. జాలీ లేకుండా ఇక ఏ బోటూ ఏటకెల్లకూడదని పేటంతా ఒట్టేసుకున్నాం. ఆడోల్లు షావుకారి ఐసు గోడౌను ముందు కూకున్నారు, లెగట్లేదు. విరిగిన జాలీ చూపించి, ఇలాటివి పేటంతటికీ చేయించుకురా అని నన్ను పంపినారు..."

"కాకమ్మ కతలు చెప్పకు! మొన్న పిల్లని ముంచినవాడికి ఇవాళ జాలీలు కావాలా? సుభాష్, లే. పక్కకి జరుగు."

"వదిలేస్తావా మావయ్యా? వీణ్ణి వదిలేస్తావా?"

"గ్రైండర్ ఆన్ చెయ్. పక్క దుకాణాలకి వినబడకూడదు. వైస్ హ్యాండిల్ నాకియ్యి."

"పెద్దబాబూ! ఒద్దు! మీకు తెలుసును కదా మన మాట... మీరు ఇంటారనుకున్నాను... ఒద్దు!"

"ఏ చేత్తో లాగావురా దాన్ని? ఇదేనా?"

"ఇదే బాబూ... ఇదే చేత్తో..."

"ఒప్పుకున్నాడు! చూసావా మావయ్యా, ఒప్పుకున్నాడు!"

"ఇది దాని తలకి. ఇది దాని కాళ్ళకి. ఇది మా చెల్లెలి ఏడుపుకి..."

"అమ్మా! అమ్మోయ్! అమ్మా..."

"మావయ్యా. మావయ్యా, బస్. విరిగింది. గ్రైండర్ చప్పుడులో కూడా వినబడింది నాకు. వేళ్ళు చూడు... వేళ్ళు చూడు మావయ్యా, బస్ కరో."

"ఇంకో చుట్టు."

"వాడు పడిపోతున్నాడు మావయ్యా! బస్! ఆగు... ఫోన్. ఫోన్ మోగుతోంది. గ్రైండర్ ఆపేశా. అమ్మ. విశాఖ నుంచి అమ్మ."

"ఎత్తు. ఎత్తరా. స్పీకర్లో పెట్టు. నా చేతులు... నా చేతులకి రక్తమయ్యింది. నువ్వే ఎత్తు."

"హలో అమ్మా? దీదీకి ఏటయ్యింది? చెప్పు, ఏటయ్యింది?"

"సుభాష్... నేనేరా."

"దీదీ!"

"రోహిణీ! తల్లీ! నువ్వేనా మాటాడతున్నది?"

"నేనే మావయ్యా. అమ్మ ఫోన్. ఇప్పుడే నన్ను ఐసీయూలోకి తెచ్చారు."

"మళ్ళీ ఐసీయూలోకా! అయ్యో, మళ్ళీ ఏటయ్యిందమ్మా? మళ్ళీ ఎందుకు తీసుకెళ్ళారు?"

"అరే, కాదు మావయ్యా! బయటికి. వార్డ్‌లో ఉన్నా ఇప్పుడు. ఐసీయూలోకి బయటికి తెచ్చారు."

"హమ్మయ్య! గుండాగిపోయింది కదే. లోంచి అనాలమ్మా. ఐసీయూలోంచి. చిన్నప్పట్నుంచీ నీకూ నీ తమ్ముడికీ చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. ఎటైనా లోకి అంటారు, ఇద్దరూ ఇద్దరే. లోకి అంటే లోపలికి. లోంచి అంటే..."

"మావయ్యా? హలో? కట్ అయ్యిందా?"

"మావయ్యా, ఏటి? అలా అయిపోయావేటి? వాడి వైపు ఎందుకు చూస్తున్నావ్?"

"రోహిణీ... అప్పలకొండ... అప్పలకొండ నిన్ను..."

"ఆ, అదే అడుగుదామని చేశా. ఆయన లేకపోతే నేను లేను మావయ్యా. కత్తితో కోసి, ఆ వలలోకి నన్ను తీసింది ఆయనే. పేట నుంచి చిన్నమ్మలు అనే ఆవిడ వచ్చి నా పక్కనే కూర్చుంది, జాలీల కోసం ఆయన్ని మీ దగ్గరికే పంపారంట. అన్ని బోట్లకీ పెడతారంట మావయ్యా! వచ్చాడా?"

"సుభాష్. వైస్ విప్పు."

"మావయ్యా... మరి దీదీ ఆ మెసేజ్‌లో..."

"విప్పరా!"

"హలో? ఎవరో మూలుగుతున్నారు. మావయ్యా, అక్కడ ఎవరున్నారు?"

"ఎవరూ... ఎవరూ లేరమ్మా..."

"నానే అమ్మా. అప్పలకొండని. వచ్చీసినాను."

"అన్నయ్యా! చేరుకున్నావా! మావయ్యా, ఫోను ఒక్కసారి ఆయన చేతికియ్యి."