కందెన పెట్టిన కారు చక్రం

"నాయనమ్మా, కారు ముందు చక్రం గుర్రుగుర్రుమంటుంటే షెడ్డులో వదిలేసి వచ్చా. బేరింగు పోయిందంట. సాయంత్రానికి మార్చి ఇస్తామన్నారు."

బేరింగా? ఏముంది, మారుస్తార్లే. ఇట్టా ఫ్యాను కిందకొచ్చి కూర్చో. నేనూ మార్చానే ఒకసారి. నవ్వుతావేం? నేనంటే ఒక్కదాన్నే కాదులే, మీ తాతయ్యా నేనూ కలిసి, పటమటలో మన పాతింటి వాకిట్లో. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్త. మీ నాన్న ఇంకా పుట్టలా. కాదు కాదు, కడుపులో ఉన్నాడు, మూడో నెల. నీళ్ళ గంగాళం నన్ను ఎత్తనివ్వలేదు మీ తాతయ్య, అందుకే గుర్తు.

అసలా కారు ఎట్టా వచ్చిందో చెప్పాలి ముందు. మా మామగారు, అంటే మీ తాతయ్య వాళ్ళ నాన్న, ఎడ్లబండి తోలేవారు. పామర్రు నుంచి బెజవాడకి ధాన్యం బస్తాలు. ఆ ఎడ్లని చూడ్డానికి దారిలో జనం ఆగేవాళ్ళంట. మీ తాతయ్యకేమో కారు పిచ్చి. డ్రైవరీ నేర్చుకొచ్చి, బాడుగ కారు తిప్పుతానని ఒకటే పట్టు. మామగారు ఏడాది ఆలోచించి, ఎడ్లనీ బండినీ అమ్మేసి ఓ పాత కారు కొనిచ్చారు. ఎడ్లని తోలుకెళ్ళిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. ఇక ఆ తర్వాత ఆయనకి పనంటూ ఏముంది? వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, కారు పోవటం చూసేవారు, రావటం చూసేవారు.

మంగళవారం మంగళవారం ఓ డాక్టరమ్మ గారిని పామర్రు తీసుకెళ్ళేవాడు మీ తాతయ్య. మన తెలుగావిడే, క్రైస్తవులు. అక్కడ చిన్న గది అద్దెకి తీసుకుని ఆడవాళ్ళకి వైద్యం చేసేది. మనిషి ఎంత మంచిదో, టైమంటే అంత పట్టింపు. మాకు ఖాయంగా ఉన్న బాడుగ అదొక్కటే. పెట్రోలేమో కూపన్ల మీద, చిటికెడు చిటికెడు ఇచ్చేవాళ్ళు.

ఒకసారి మీ తాతయ్యకి చలిజ్వరం వచ్చింది. వారంపాటు దుప్పట్లోంచి లేవలా. అప్పుడు మామగారు నన్ను పిలిచి, "అమ్మాయ్, వాడు లేచేసరికి చక్రాలకి కందెన పెట్టి ఉంచుదాం. కాస్త గడ్డి కాల్చి పెట్టు" అన్నారు. కందెనంటే నీకేం తెలుసులే. గడ్డి మసి ఆముదంలో మెదిపి ఎడ్లబండి ఇరుసుకి పూసేవాళ్ళు, చక్రం కిర్రుమనకుండా. నేను కాల్చా, మెదిపా, ఇచ్చా. ఆయన ముందు చక్రం ఒకటి విప్పి నిండా కూరారు. రెండోది విప్పే ఓపిక లేక వదిలేశారు, అదే నయమైంది. ఎంత సంతోషమనుకున్నావ్ ఆ రోజు ఆయనకి. చేతులకి అంటిన మసి కడుక్కోకుండా అట్టాగే కూర్చున్నారు.

జ్వరం తగ్గాక మీ తాతయ్య బండి తీశాడు. ఒక మంగళవారం బాగానే ఉంది. రెండో మంగళవారం తిరుగుప్రయాణంలో, కంకిపాడు దాటాక మొదలైంది చక్రం మూలుగు. డాక్టరమ్మ గారు దిగేటప్పుడు, "వచ్చే వారానికి బాగు చేయిస్తే సరే, లేకపోతే నేను వేరే బండి చూసుకుంటానయ్యా" అనేసింది. ఆవిడ తప్పేముంది, అక్కడ పేషెంట్లు కూర్చుని ఉంటారుగా.

మర్నాడు పొద్దున్నే, చక్రం నడిమి మూతతో కుస్తీ పట్టి చక్రం విప్పాడు. లోపలంతా నల్లటి ముద్ద, ఆముదం కంపు. ఎడ్లబండి ఇరుసుకైతే పనికొస్తుంది గానీ, ఆ మసి బేరింగులో ఉండే ఉక్కు గోళీలకి ఇసకతో సమానమంట. గోళీలన్నీ గీరుకుపోయాయి. "ఎవరు పెట్టారిది?" అన్నాడు.

మంచం మీద మామగారి మొహం చూశా. ఎడ్లని అమ్ముకుని కొన్న బండి, తన చేత్తోనే పాడైందని కొడుకు నోట వింటే ఆ మనిషి ఇక తలెత్తడు. అది నాకు అప్పుడే తెలిసిపోయింది. "నేనేనండీ, గ్రీజు లేదని నేనే చేసి పెట్టా" అన్నా. పూర్తిగా అబద్ధం కాదుగా, చేసింది నేనేగా. అబ్బో, ఇక చూడు. "బుద్ధుందా నీకు? ఎవరడిగారు నిన్ను?" అని వీధి వీధంతా వినపడేట్టు తిట్టాడు. నాలుగు రోజులు కనపడినప్పుడల్లా అవే తిట్లు. మామగారేమో కంచం ముందు పెడితే రెండు ముద్దలు తిని లేచేవారు.

కొత్త బేరింగు ఎక్కడ దొరుకుద్ది ఆ రోజుల్లో? వన్‌టౌన్‌లో పాత ఇనుప కొట్లన్నీ తిరిగి తిరిగి, శనివారానికి ఓ విరిగిన బండిలోది పట్టుకొచ్చాడు. ఆదివారం వాకిట్లో పని. పక్కింటి మగ్గం వాళ్ళ దగ్గర నూలు తుక్కు తెచ్చి, కిరసనాయిలు ముంచి మసంతా నేనే తుడిచా. పాత బేరింగు బయటి కప్పు హబ్బులో, అంటే చక్రం నడిమి దిమ్మలో, పట్టేసి కదలదే! ఇనుముతో కొడితే హబ్బు దెబ్బతింటుందని, నా ఇత్తడి గరిటె కాడ ఆనించి చుట్టూ చిన్నగా కొట్టాడు. ఆ గరిటె మళ్ళీ కూరకి పనికి రాలేదులే. మా అమ్మ పెట్టిన గరిటె అది. తర్వాత హబ్బుని మరిగే నీళ్ళ గంగాళంలో పెడితే, కొత్త కప్పు సులువుగా కూర్చుంది. ఈసారి అసలైన గ్రీజు దట్టంగా పెట్టి, చక్రం ఎక్కించి, నట్టు బిగించాడు. బిగిస్తే చక్రం తిరగదు, వదిలితే ఊగుతుంది. అట్టా బిగిస్తూ వదులుతూ చెమటలు కక్కుతున్నాడు.

అప్పుడు లేచారు మామగారు. వచ్చి చక్రం పక్కన చతికిలబడి, టైరు మీద చెయ్యేసి మెల్లగా తిప్పారు. తల వంచి విన్నారు. "బిగువెక్కువైందిరా. ఇంకాస్త వదులు. ఆఁ, చాలు. ఇప్పుడు చూడు." చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. పట్టుకుని ఊపినా కదల్లేదు.

అక్కడి నుంచి లేవకుండానే అన్నారు: "ఒరేయ్, ఆ కందెన పెట్టింది నేను. అమ్మాయి కాదు. చెబుదామంటే నాలుగు రోజుల్నించీ నోరు రాలా."

మీ తాతయ్య తలెత్తకుండా, నట్టు ఊడకుండా దానికి పిన్ను పెడుతూ, "తెలుసులే నాయనా. ఆ మూత నువ్వు బిగించినట్టు ఇంకెవరు బిగిస్తారు? ఊడదియ్యటానికి నా ప్రాణం పోయింది" అన్నాడు. అంతే.

అన్నం దగ్గర అడిగా నేను. తెలిసి నన్నెందుకు తిట్టారు అని. "ఆయన్ని తిట్టలేనుగా. ఆ కోపం ఎక్కడ పెట్టుకోను మరి?" అన్నాడు. ఇప్పటికీ తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుద్దనుకో.

మంగళవారం డాక్టరమ్మ గారు వేళకి పామర్రు చేరింది. ఇక అప్పట్నుంచి ఎప్పుడు చక్రం విప్పినా, నట్టు బిగించే ముందు, "నాయనా, ఓసారి చెయ్యేసి చూడు" అనేవాడు మీ తాతయ్య. ఆయన రాకుండా పిన్ను పెట్టేవాడు కాదు. కొన్నాళ్ళకి మామగారు మంచాన పడ్డారు. అప్పుడు ఏం చేశాడో తెలుసా? కారుని తోసుకొచ్చి, మంచం పక్కనే జాకీ వేసి లేపాడు. ఆయన చేతికి చక్రం తిప్పే బలం కూడా లేదు. నేను తిప్పా, ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. విని, చెయ్యి కొంచెం ఆడించారు, ఇంకాస్త వదులు చెయ్యమన్నట్టు. నిజం చెప్పనా, నట్టు అప్పటికే సరిగ్గా ఉంది. అయినా మీ తాతయ్య స్పానరు తీసుకుని వదిలినట్టు తిప్పి, "ఇప్పుడు బాగుందా నాయనా?" అని అడిగాడు...

ఆ ఒక్కదానికి ఆ నాలుగు రోజుల తిట్లూ క్షమించేశానమ్మా. పోన్లే... అటువంటి మనసున్నవాడు నీకూ దొరకాలి, నువ్వు చల్లగా ఉండాలి. ఆ చెంబు ఇట్టా అందుకో, గొంతు ఎండిపోయింది...